ఒరగల్లు మీద నురగ

మా నాయన ఒరగల్లు, అంటే బంగారం గీసి చూసే రాయి, నిజం చెప్పిందని కోసపాళయంలో ఈనాటికీ చెప్పుకుంటారు. దొంగ బంగారం తగలగానే రాయి పొంగి, నురగ కక్కి, నలుగురిలో దొంగని పట్టిచ్చిందట. ఈ కథ నేను పెళ్ళిళ్ళలో విన్నాను, చావు ఇళ్ళలో విన్నాను, పాలబూతు దగ్గర నిలబడి విన్నాను. నన్ను చూస్తే చెప్పేవాళ్ళు గొంతు ఇంకొంచెం పెంచుతారు. మునుసామి ఆచారి కూతుర్ని కదా, తండ్రి గొప్ప వింటే పొంగిపోతానని. నేను పొంగను. ఆ రాయి నిజమూ చెప్పలేదు, అబద్ధమూ చెప్పలేదు. యాసిడ్ పడితే నురగ కక్కే గుణం దానికి పుట్టిన చోటే అంటింది. దాని మీద ఎవరి గొలుసు గీసినా, అసలు ఏమీ గీయకపోయినా, దాని ఒక కొసన చుక్క వేస్తే అది పొంగేది. ఒక మనిషి బతుకుని తిప్పేసిన సాక్ష్యం అది. దాన్ని ఒప్పుకోవడానికి నాకు మొదటినుంచీ మనసు రాలేదు.

ఆమధ్య దేవి మనవరాలికి చెవులు కుట్టించారు. దేవి మా వీధి పిల్లే, నాకంటే చిన్నది, ఇప్పుడు అమ్మమ్మ అయింది. ఏసీ హాలు, చెవులు కుట్టడానికి నగలషాపు నుంచి వచ్చిన కుర్రవాడు, వాడి చేతిలో బొమ్మ తుపాకీ లాంటి మిషన్. టక్కుమంది, అయిపోయింది. పాప ఏడుపు మొదలుపెట్టేలోగా రెండో చెవి కూడా అయిపోయింది. అప్పుడు దేవి అందరి ముందూ నన్ను చూపించి మొదలుపెట్టింది. "నాకు చెవులు కుట్టింది ఈ అక్క వాళ్ళ నాయనే. ఆ పొద్దు ఆచారి తాత రాయి లేకుంటే మా చిన్నమ్మ ఇత్తడి గొలుసు నా మెడలో వేసి పోయుండేది. మా అమ్మ గొలుసు మింగేసి!"

"ఆ రాయిని నువ్వు చూసినావా దేవీ?" అన్నాను.

"నేను చంటిదాన్ని కదక్కా, యాడ గుర్తుంటాది? మా జేజి చెప్పింది."

"మీ జేజికి మనుషుల్ని తిట్టడం తెలుసు. రాళ్ళ గురించి తెలీదు."

ఎవరో గబగబా నా ముందు ఆకు వేశారు. తినే నోరు మాట్లాడదని వాళ్ళ ఆశ. నా సంగతి వాళ్ళకింకా పూర్తిగా తెలియదు. కానీ ఆ రోజు నేను నిజంగానే ఊరుకున్నాను. వాదించడానికి నా దగ్గర చదువు ఉంది, అనుమానం ఉంది, రాయి మాత్రం లేదు. రాయి పారేశానని నాయన ఎన్నడో చెప్పాడు. ఆయన పోయి కూడా చాలా కాలమైంది.

మా ఇంటి ముందుగది నాయన పట్టడ, అంటే కంసాలి పని చేసుకునే చోటు. వీధిలోకి తెరుచుకునే చెక్క తలుపు, లోపల నేలలో సగం దిగేసిన చింతమొద్దు, మొద్దు మీద బిగించిన దాగలి అనే ఇనుప దిమ్మ, పక్కన బొగ్గుల కుంపటి, ఊదుగొట్టం. పొద్దున్నే బొగ్గు రాజుకునే వాసన ఇల్లంతా తిరిగేది. ఆ తర్వాత వెలిగారం కాలే వాసన, నగలు కడగడానికి ఉడికించిన చింతపండు పులుపు, ఆ పైన ముక్కులో గుచ్చుకునే యాసిడ్. అవ్వ వంటింట్లోంచి అరిచేది: "మునుసామీ, నీ చింతపండు నీ పనికి వేరే పెట్టుకో, నా చారులో బంగారం తేలతాండాది." తేలేదేమీ లేదు, ఆమెకు కొడుకుని పలకరించే పద్ధతి అదొక్కటే. సాయంత్రం పట్టడ ఊడ్చిన దుమ్ముని నాయన చీపురుకి అంటిన దాంతో సహా డబ్బాలో పోసి ఉంచేవాడు. దుమ్ముని కడిగి బంగారు రజను తీసుకునేవాళ్ళు ఎప్పుడో ఒకసారి వచ్చి పట్టుకెళ్ళేవాళ్ళు. మా ఇంట్లో చెత్త కూడా బంగారమే అని నేను బళ్ళో గొప్పలు చెప్పుకుంటే, తమిళం టీచరు "అయితే రేపు నీ చెత్త తెచ్చివ్వు" అంది. ఇంటి భాష తెలుగు, బడి భాష తమిళం, లెక్కలు ఇంగ్లీషులో. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళకి కొదవలేదు, చదవగలిగేవాళ్ళు మాత్రం వేళ్ళ మీద ఉండేవాళ్ళు. నాకు అక్షరాలు నేర్పింది నాయన, కుంపటి బూడిద మీద ఊదుగొట్టం కొసతో రాసి. ఇది ఎవరు చదవాలని రాస్తున్నానో వాళ్ళెవరూ చదవలేరని తెలిసి కూడా తెలుగులోనే రాయడానికి అదే కారణం.

నాయనకి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా నగ తెచ్చి "ఇది మంచిదేనా ఆచారీ?" అంటే తన నోటితో చెప్పేవాడు కాదు. "నన్నడగొద్దు, రాయినడుగు" అని ఒరగల్లు వాళ్ళ ముందుకు తోసేవాడు. నగని రాతి మీద గీస్తే పసుపుపచ్చ గీత పడుతుంది. దాని మీద గాజుపుల్లతో యాసిడ్ చుక్క. మంచి బంగారమైతే గీత కదలదు. ఇత్తడో రాగో అయితే సన్నగా బుడగలు లేచి, పచ్చగా తిరిగి, గీత మాయమైపోతుంది. అంతే పరీక్ష. చిన్నప్పుడు అది నాకు నాయన వినయంలా కనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే, మాట తప్పయితే తన మీదికి రాకుండా మనుషులు ఎంత తెలివిగా రాళ్ళని ముందుకు తోస్తారో అనిపిస్తుంది. తండ్రి గురించి ఇలా రాయకూడదంటారు. ఎవరంటారో వాళ్ళు రాయకుండా ఉండొచ్చు.

తాత కాలంనాటి ఒరగల్లు ఇల్లు పంచుకున్నప్పుడు పెదనాయన వాటాకి పోయింది. కొన్నాళ్ళు నాయన అరువు రాళ్ళతో నెట్టుకొచ్చాడు. అప్పుడు వచ్చాడు గోవిందు మామ. మా అమ్మ తమ్ముడు, కోలారు బంగారు గనుల్లో భూమి లోపల పనిచేసేవాడు. వచ్చినప్పుడల్లా పెద్దగా దగ్గేవాడు, అంతకంటే పెద్దగా నవ్వేవాడు. ఆసారి వచ్చినప్పుడు రైలు సంచీలోంచి గుడ్డలో చుట్టిన నల్లరాయి ఒకటి తీసి నాయన ఒళ్ళో పెట్టాడు. అరచేతి కంటే కొంచెం పొడుగు, బిస్కట్టు పొట్లం అంత మందం.

"గనిలోంచి పైకి తోసిన రాళ్ళ గుట్టలో ఏరినా బావా. బంగారం పుట్టినిల్లు ఇది. పుట్టింటోళ్ళకి బిడ్డ గుర్తు తెలీదా?"

నాయన ముఖం ఎలా వెలిగిందో నాకు బాగా గుర్తుంది. బంగారంతో బతికే మనిషికి బంగారం పుట్టిన చోటి రాయి దొరికింది. అంతకంటే సరైన తీర్పరి లోకంలో ఉంటుందా? ఇసుక మీద, తడిబండ మీద రోజుల తరబడి రుద్ది దాన్ని అద్దంలా చేశాడు. నూనె రాస్తే కారునలుపు తేలింది. ఒక కొసన మాత్రం పొడిగా ఉన్నప్పుడు చూస్తే లేతగా పచ్చ ఛాయ కనిపించేది, అక్కడ గీత కొంచెం మెత్తగా జారేది. అందుకని నాయన ఆ కొసని వాడకుండా గట్టివైపే గీసుకునేవాడు. గట్టివైపు ఎప్పుడూ తప్పు చెప్పలేదు. దాంతో రాయికి పేరొచ్చింది. శుక్రవారాలు అవ్వ దానికి పసుపు రాసి కుంకుమ పెట్టేది. యాసిడ్ తాగే రాయికి పసుపు కుంకాలు! కానీ ఆమె ముందు నవ్వే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు, నాతో సహా.

బంగారం దొరికిన చోటి రాయికి బంగారం గుర్తు తెలుస్తుందనుకునే ఈ ఒక్క పొరపాటు చేయడానికి కంసాలే కావాలి. వేరే పనివాడెవడైనా రాయిని రాయిలా చూసేవాడు. తర్వాత నేను కాలేజీలో భూగర్భశాస్త్రం చదివాను. ఆడపిల్లకి రాళ్ళ చదువేంటని బంధువులందరూ అడిగారు, అందరికీ జవాబు చెప్పాను, అందుకే ఇప్పుడు నాకు బంధువులు తక్కువ. ఆ చదువుతో చెప్తున్నాను, బంగారం దొరికే చోటి రాయి చాలాసార్లు ఒరగల్లుకి పనికిరాదు. కోలారు వైపు నల్లరాయి పుట్టుకకి అగ్నిశిల. జీవమంటే కంటికి కనపడని నలుసులు తప్ప మరేమీ లేని కాలంలో నీళ్ళ అడుగున లావాగా పారి గడ్డకట్టింది. గ్రానైటుతో పోలిస్తే దానిలో సిలికా తక్కువ, ఇనుము, మెగ్నీషియం, కాల్షియం ఎక్కువ. మొదట అందులో ఉన్నవి పైరాక్సీన్, ప్లాజియోక్లేజ్ అనే ఖనిజాలు. తర్వాత భూమి లోపలికి దిగబడి, వేడికీ ఒత్తిడికీ ఉడికి, పైరాక్సీన్ కాస్తా హార్న్‌బ్లెండ్‌గా మారింది. రాయికి ఆ నలుపూ గట్టిదనమూ దాని వల్లే. అక్కడితో ఆగి ఉంటే అది మంచి ఒరగల్లే అయ్యేది. ఆగలేదు. పగుళ్ళ గుండా లోతుల నుంచి వేడినీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళలో గంధకం ఉంది, బొగ్గుపులుసు వాయువు ఉంది, లెక్కకు రానంత కొంచెంగా బంగారం ఉంది. బంగారం తనంతట తాను కదలదు, గంధకంతో జతకట్టి ప్రయాణం చేస్తుంది. దారిలో ఇనుము దండిగా ఉన్న రాయి ఎదురైతే గంధకం బంగారాన్ని విడిచి ఇనుముని పట్టుకుంటుంది. అదే పైరైట్, చూడ్డానికి బంగారంలా మెరిసే ఖనిజం. విడిచిపెట్టిన బంగారం ముందుకు పోలేక అక్కడే ఉండిపోతుంది. మనం గని అంటున్నది అలా ఉండిపోయిన చోటుని. ఆ రాతిలో బంగారం పుట్టలేదు, దిగబడింది. గోవిందు మామ చెప్పిన పుట్టిల్లు అసలు పుట్టిల్లే కాదు, జత విడిపోయిన చోటు.

నాకు కావలసింది మాత్రం బంగారం కథ కాదు, ఆ వాయువు కథ. అది రాతిలోని కాల్షియంతో కలిసి కాల్సైట్ అయింది. మనం తాంబూలానికి సున్నం కాల్చే గవ్వల్లో ఉండే సరుకూ ఇదీ ఒకే పదార్థం. హార్న్‌బ్లెండ్ మెత్తబడి క్లోరైట్ అనే పచ్చ ఖనిజంగా మారింది. ఆ పచ్చలో కాల్సైట్ కంటికి కనపడనంత సన్నగా కలిసిపోయి ఉంటుంది, నూనె రాస్తే ఇంకా కనపడదు. కాల్సైట్ మీద యాసిడ్ పడితే సురసురా పొంగుతుంది. కాలేజీలో మొదటి నెలలోనే నేర్పే పరీక్ష ఇది. మాస్టారు తెల్లరాయి మీద చుక్క వేయగానే నురగ లేచింది. అమ్మాయిలందరూ నోట్సు రాసుకుంటున్నారు. నాకు దేవి చెవులు కుట్టిన రోజు కళ్ళ ముందుకొచ్చింది.

ఆ రోజు గురించి చెప్పాలంటే సరసక్క గురించి చెప్పాలి. సరస్వతి. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేది, బట్టల మిల్లులో పని. షిఫ్టు ముగించుకుని వచ్చేటప్పుడు జుట్టులో దూది పీచులు మంచులా ఉండేవి. నాకు జడ వేసేది ఆమే. మా అమ్మ చేతికి నా జుట్టు లొంగదని, నా నోరు అంతకంటే లొంగదని ఆమెకి అప్పగించేసింది. సరసక్క అక్క బిడ్డే దేవి. దేవి పుట్టిన కొద్దికాలానికే ఆ తల్లి జ్వరంతో పోయింది, పోయేముందు మెడలోని గొలుసు తీసి చెల్లెలి చేతిలో పెట్టి, పాపకి చెవులు కుట్టిననాడు వేయమంది. పాప తన నాయనమ్మ దగ్గర పెరిగింది. ఆమెనే దేవి జేజి అంటుంది. కానీ మిల్లు కూత వేశాక దేవి ఎప్పుడూ సరసక్క చంకలోనే ఉండేది. జేజికి అది గిట్టేది కాదు. బిడ్డ తనని చూసి నవ్వకుండా చిన్నమ్మని చూసి నవ్వుతుందని ఆమె బాధ. బాధ నిజమే. నేను కాదనను.

చెవులు కుట్టడం జేజి ఇంటి ముందు పందిట్లో. నాయన సూది, బంగారు తీగ, చిన్న పెట్టె పట్టుకుని వెళ్ళాడు. పెట్టెలో ఒరగల్లు ఎప్పుడూ ఉంటుంది. ముందురోజు పని ఎక్కువై గట్టివైపంతా పాత గీతలతో నిండిపోయి ఉంది, రుద్ది శుభ్రం చేయడానికి తీరిక లేకపోయింది. దేవి సరసక్క ఒళ్ళో బొమ్మలా కూర్చుని లడ్డూ నాకుతోంది. సరసక్క గొలుసు తీసి పళ్ళెంలో పెట్టింది. అప్పుడు జేజి అంది:

"ఆచారీ, వేసేముందర ఒక గీత గీసి చూడప్పా. ఇన్ని దినాలు ఎవరెవరి చేతిలో ఉండిందో."

సరసక్క నవ్వింది. "ఎవరెవరి చేతిలో ఏందత్తా, నా చేతిలోనే ఉండింది. గీయనీ. ఒక గీతకి అరిగిపోతాదా?"

నాయన రాయిని అటూ ఇటూ తిప్పాడు. ఖాళీగా ఉన్నది ఆ పచ్చకొస ఒక్కటే. అక్కడ గీశాడు. చుక్క వేశాడు. పందిట్లో ఉన్నవాళ్ళందరికీ వినిపించిందని చెప్పుకుంటారు, అది అబద్ధం, మొదటి వరసలో ఉన్న నాకు సన్నగా సుర్రుమని వినిపించింది. కానీ కనిపించింది మాత్రం అందరికీ. తెల్లగా నురగ పొంగింది, గీత నురగలో కొట్టుకుపోయింది.

"చూడండి! పొంగుతాండాది చూడండి! తల్లి లేని బిడ్డ సొమ్ము!" అని జేజి రెండు చేతులూ ఎత్తింది.

సరసక్క ముఖంలో మొదట ఏమీ లేదు. తమాషా అనుకుంది. తర్వాత ముందుకు వంగి మెల్లగా అంది: "ఆచారి మామా, ఇంకొక తూరి గీయండి. ఇంకో పక్క గీయండి."

నాయన రాయిని గుడ్డతో తుడిచాడు. పెట్టెలో పెట్టాడు. "రాయి చెప్పింది కదమ్మా" అన్నాడు.

నా వాదన అంతా ఈ ఒక్క మాట దగ్గర ఉంది. ఇత్తడి గీత పొంగితే ఎంత పొంగుతుంది? గీత వెంట్రుకంత, బుడగలూ అంతే. ఆ రోజు లేచిన నురగ చుక్కంతా నిండింది. రోజూ అదే పని చేసే మనిషి, గీత కంటే నురగ ఎక్కువ లేచిందని గమనించడా? పెళ్ళికి వెళ్ళి భోజనం మాత్రమే గమనించే చుట్టాలు గమనించకపోవడం వేరు. ఆయన గమనించి ఉండాలి. గమనించి, మళ్ళీ గీస్తే రాయి తప్పని తేలుతుందని భయపడ్డాడా? రాయి తప్పయితే అంతకుముందు ఆ రాయి మీద తేల్చిన నగలన్నీ అనుమానంలో పడతాయి, గోవిందు మామ కానుక నవ్వులపాలవుతుంది, అవ్వ శుక్రవారం కుంకుమ నవ్వులపాలవుతుంది. మా ఇంటి అన్నం ఆ రాయి పేరు మీద వస్తోంది. ఇవన్నీ నేను ఇప్పుడు కూర్చుతున్న కారణాలు. ఆయన అప్పుడు ఏమనుకున్నాడో నాకు తెలియదు.

సరసక్క వెంటనే వీధి వదల్లేదు. కథలో మాత్రం ఆ రాత్రికి రాత్రే పారిపోయిందంటారు, దొంగలు అలాగే కదా పోవాలి. కాదు, ఆమె చాలా రోజులు ఉంది. రోజూ మా పట్టడ ముందు నుంచే మిల్లుకి వెళ్ళింది, తలెత్తుకునే వెళ్ళింది. జేజి ఇంటి తలుపు ఆమెకి మూసేశారు. లోపల దేవి "చిన్నమ్మా" అని ఏడవడం వీధంతా విన్నది. ఒకరోజు ఆమె మా గుమ్మంలో నిలబడి "మామా" అంది. నాయన ఊదుగొట్టం నోట్లోంచి తీయలేదు. మంట ఊదుతూనే ఉన్నాడు. ఆమె కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొద్దిరోజులకే సముద్రం ఒడ్డున పిళ్ళైచావడిలో ఉన్న మేనత్త దగ్గరికి పోయింది. మళ్ళీ కోసపాళయం రాలేదు. నా జడ మళ్ళీ అమ్మ చేతికే వచ్చింది, వంకరగా.

కాలేజీలో నురగ చూసిన రోజు ఇంటికొచ్చి అడిగాను. "నాయనా, గోవిందు మామ ఇచ్చిన రాయి యాడుంది?" అప్పటికి పెట్టెలో ఉన్నది వేరే రాయి, మద్రాసు నుంచి తెప్పించింది. "పారేసినా" అన్నాడు. "ఎందుకు?" అన్నాను. "అరిగిపోయింది" అన్నాడు. ఒరగల్లు అరగదు నాయనా అని అనబోయాను. అవ్వ పిలిచింది, ఆయన లేచాడు. అప్పటికే చేతులు వణుకుతున్న మనిషి. నోరున్న నేను ఆ ఒక్కచోట నోరు మూసుకున్నాను. దాన్ని తప్పనుకోవడం లేదు, ముసలివాడిని గోడకి నెట్టడం చదువుకాదు.

ఈ సంవత్సరం పట్టడని సెల్‌ఫోన్ రిపేరు షాపుకి అద్దెకిద్దామని మా తమ్ముడు చింతమొద్దు పీకించాడు. నేను మేట్టుపాళయంలో గ్రానైట్ పలకల గోడౌనులో నాణ్యత చూసే పనిలో ఉంటాను. ఆ రోజు సెలవు పెట్టి నిలబడ్డాను. మొద్దు అడుగున గుంటలో, మైనపుగుడ్డలో చుట్టి, ఆ రాయి ఉంది. పారేసిన వస్తువుని ఎవరూ దాగలి కింద, రోజూ తాను కూర్చునే చోటుకి ఎదురుగా, గుడ్డ చుట్టి పూడ్చుకోరు. గుడ్డ విప్పి ఎండలోకి తీసుకెళ్ళాను. గట్టివైపు ఇప్పటికీ నల్లగా నున్నగా ఉంది, పాత గీతలు బంగారు వెంట్రుకల్లా మెరిశాయి. పచ్చకొసన ఒక పెద్ద మచ్చ ఉంది, అది దేవి చెవులు కుట్టిన రోజుది. దాని పక్కన వరసగా చిన్నచిన్న గుంటలు. భూతద్దం పెట్టి చూశాను. వాటి చుట్టూ ఎక్కడా లోహపు గీత జాడ లేదు. ఉత్త రాతి మీద, ఒక చుక్క, దాని పక్కన ఇంకో చుక్క, కొంచెం జరిపి మరొకటి. చివరి గుంటలు పచ్చకొస దాటి నలుపులోకి వచ్చేసరికి ఆగిపోయాయి, అక్కడ రాయి కరగలేదు. బంగారం మీద అనుమానం ఉన్నవాడు గీత మీద చుక్క వేస్తాడు. ఉత్త రాతి మీద చుక్కలు వేసేవాడికి అనుమానం రాయి మీదే. నాయన ఒంటరిగా కూర్చుని రాయిని కొసనుంచి కొసకి అడిగాడు. ఈసారి రాయి నిజంగానే చెప్పింది.

రాయి సంచీలో వేసుకుని పిళ్ళైచావడి వెళ్ళాను. సముద్రం ఊరిని కొరుకుతుంటే ఆపడానికి ఒడ్డునంతా బండరాళ్ళు పోశారు, ఎక్కడో లోపలి క్వారీల నుంచి తెచ్చిన అగ్నిశిలలే. వాటి మీద వలలు ఆరేసి ఉన్నాయి. సరసక్క ఇంటి ముందు కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. యూనివర్సిటీ మెస్సులో వంటపని చేసి రిటైరైంది.

"ఎవరదీ?"

"కోమళనక్కా. మునుసామి ఆచారి కూతుర్ని."

ఆమె చేతులు ఆగాయి, మళ్ళీ కదిలాయి. "నోరు పెద్దది, ఆ కోమళేనా? తగ్గినావా, ఇంకా అట్నే ఉండావా?"

"తగ్గలేదక్కా."

"మంచిది. కూర్చో మే. జడ ఎవరు వేసినారు, ఇట్లుంది?"

"నేనే."

"తెలస్తాండాది."

రాయి తీసి ఆమె ముందు పెట్టి, యాసిడ్ సీసాలోంచి పచ్చకొస మీద ఒక చుక్క వేశాను. నురగ లేచింది. ఆమె కుర్చీలోంచి ముందుకు వంగి చూసింది.

"బంగారం లేకుండానే పొంగుతాండాదే."

"అవునక్కా. ఆ దినం పొంగింది నీ గొలుసు కాదు, ఈ రాయి."

ఆమె పైట సర్దుకుంది. అప్పుడు కనిపించింది, మెడలో గొలుసు, ఆ రోజు ఇత్తడిదని ఎవరూ తీసుకోనిది. అదే. "కొత్త ఒరగల్లు కూడా తెచ్చినా, ఒక్క గీత గీస్తే..." అన్నాను.

"సుమ్మా ఉండు" అంది, ఊరుకోమని. కోపంగా కాదు. "ఇంకో రాయి ముందర దీన్ని పెట్టను. మిషనైనా సరే."

వాదన ప్రకారం చూస్తే నాకింకా రుజువు లేదు. రాయి సాక్ష్యం చెల్లదని తేలింది, గొలుసు మంచిదని తేలలేదు. ఇప్పుడు నగలషాపుల్లో మిషన్లు ఉన్నాయి, గొలుసు లోపల పెడితే ఏ లోహం ఎంతుందో అంకెలు వస్తాయి. ఆచారి ముఖం వంక చూడాల్సిన పనిలేదు, ఆచారి తల దించుకోవాల్సిన పనీ లేదు. అది మంచి మార్పే అంటాను. కానీ ఇన్నేళ్ళు ఉప్పుగాలిలో ఒక ఆడమనిషి మెడలో ఉన్న గొలుసుని నేను అక్కడ కూర్చుని అంకెల్లో అడగలేకపోయాను. చేతిలో ఒరగల్లు ఉండి కూడా నేను తేల్చకుండా వదిలేసిన వాదన అదొక్కటే.

ఆమె రాయిని చేతిలోకి తీసుకుంది. వేలు గుంటల మీద ఆగింది. "ఇవేంది, వరసగా?"

చెప్పకుండా ఉండొచ్చు. చెప్పాను. "నాయన వేసిన చుక్కలు. గీత లేకుండా."

"గీత లేకుండా ఎందుకు వేస్తాడు?"

"రాయి మీద అనుమానం వచ్చి."

సముద్రం బండల మధ్య నీళ్ళు తోసి వెనక్కి లాగింది. ఆమె రాయిని చిక్కుడుకాయల పక్కన పెట్టింది.

"ఎప్పుడు?" అంది. "నేను మీ గుమ్మంలో నిలబడి మామా అన్నప్పటికే తెలుసునా? లేకుంటే ఈడికి వచ్చేసినాక తెలిసిందా? చదువుకున్నదానివి కదా, అది చెప్పు. దేవికి చెప్తే చెప్పు, లేకుంటే లేదు. నాకు ఇది కావాల."

దేవికి చెప్పాను. నమ్మలేదు. రాయి తెచ్చి చుక్క వేసి చూపించాను. తానే ఇంకో చుక్క వేసి చూసింది, ఇంకొకటి వేసింది, నాయన వేసినట్టే. తర్వాత కళ్ళు తుడుచుకుని "చిన్నమ్మ ఫోన్ నంబరు ఉందా అక్కా?" అంది. ఇచ్చాను. ఆ ఇద్దరి సంగతి ఆ ఇద్దరిది.

నాకు మిగిలింది సరసక్క అడిగిన ప్రశ్న. ఆ రాయి లావాగా పారిన కాలం వందల కోట్ల ఏళ్ళ కిందటిదని లెక్క కట్టే పద్ధతులు ఉన్నాయి. వేడినీళ్ళు అందులోకి ఎప్పుడు దూరాయో కూడా కొంచెం అటూ ఇటూగా చెప్పొచ్చు. యాసిడ్ చుక్కకి మాత్రం వయసు లేదు. సరసక్క మా గుమ్మంలో నిలబడిన సాయంత్రాన్ని ఎన్నోసార్లు గుర్తు తెచ్చుకుంటాను. కుంపటి ఎర్రగా ఉంది, ఊదుగొట్టం నాయన నోట్లో ఉంది, పక్కన పీట మీద ఒరగల్లు ఉంది. అది పాత రాయా, దాన్ని పూడ్చేశాక తెచ్చిన కొత్త రాయా? ఎంత ప్రయత్నించినా నల్లగా ఉన్నదని తప్ప ఇంకేమీ కనపడదు. నాయనా, ఆమె "మామా" అని పిలిచిన ఆ సాయంత్రానికి ఆ చుక్కలు వేసేసి ఉన్నావా?